రెండు గీతలుండగానే కొండ మీద బండి ఎందుకు ఆగింది? రాత్రిపూట ఈ-సైకిల్‌తో విజయనగరం, చుట్టుపక్కల ఎత్తులు

మీరడిగింది ముందు క్లుప్తంగా చెప్తాను, మిగతావాళ్ళకూ అర్థమవుతుంది. ఇల్లు విజయనగరం కంటోన్మెంట్‌లో. వెనక చక్రంలో 250 వాట్ల గేర్డ్ హబ్ మోటారు (చక్రం నడిబొడ్డులోనే కూర్చునే, లోపల పళ్ళ చక్రాలుండే మోటారు), 36 వోల్టుల 10 ఆంపియర్-అవర్ల బ్యాటరీ, ఏడు గేర్లు, ముందూ వెనకా కేబుల్ డిస్క్ బ్రేకులున్న ఈ-సైకిల్. మీ బరువు 80 కిలోలు. అమ్మినాయన 40 కిలోమీటర్లు వస్తుందన్నాడు. ఎస్.కోట (శృంగవరపుకోట) దాకా వ్యాన్‌లో వేసుకెళ్ళి, ఆ చుట్టుపక్కల ఇరవై కిలోమీటర్లు తిరిగి, సాయంత్రం పక్కనున్న పుణ్యగిరి కొండ ఎక్కబోతే సగంలో ఆగిపోయింది. తెర మీద ఇంకా రెండు బ్యాటరీ గీతలున్నాయి. బండితో పాటే హెడ్‌లైటూ ఆరిపోయింది. ఇప్పుడు రాత్రిపూట ఊళ్ళోనూ, దగ్గరి కొండ దారుల్లోనూ తిరగాలనుంది, ఏం చూసుకోవాలి అని అడిగారు.

బ్యాటరీ చెడిపోలేదు, మోటారూ చెడిపోలేదు. జరిగింది వోల్టేజీ కుంగడం. 36 వోల్టుల ప్యాక్‌లో పది సెల్‌లు వరసగా ఉంటాయి. నిండుగా ఉంటే 42 వోల్టులు. సుమారు 30-31 దగ్గరికొచ్చేసరికి కంట్రోలరో (మోటారుకి కరెంటు అందించే పెట్టె), బ్యాటరీ లోపలి రక్షణ బోర్డో కరెంటు కోసేస్తుంది. ఆ గీతలు ఆ క్షణంలో వోల్టేజీ ఎంతుందో చూసి వెలిగేవే, లోపల సరుకెంత మిగిలిందో వాటికి తెలీదు. చదును రోడ్డు మీద మోటారు నాలుగైదు ఆంపియర్లు లాగుతుంది, వోల్టేజీ అరో ముక్కాలో పడుతుంది, మీరు గమనించరు. ఎత్తు మీద అదే మోటారు 14-15 ఆంపియర్లు లాగుతుంది. ప్యాక్ లోపలి నిరోధం 0.15 ఓమ్ అనుకున్నా రెండు వోల్టుల పైనే పోతుంది, పాతబడిన ప్యాక్‌లో ఇంకా ఎక్కువ. ఖాళీగా నిలబడ్డప్పుడు 33 చూపించిన బండి ఎత్తు మీద 31 కిందికి జారి ఆగిపోతుంది. పది నిమిషాలు ఆగి స్విచ్ వేస్తే మళ్ళీ రెండు గీతలు! ఓ వంద గజాలు పోయాక మళ్ళీ చీకటి.

అందుకే గీతల్ని నమ్మడం మానేసి, తెర సెట్టింగుల్లో వోల్టేజీ అంకె కనిపించేలా పెట్టుకోండి. చాలా తెరల్లో ఆ సదుపాయం ఉంటుంది. లేకపోతే చార్జింగ్ సాకెట్‌కి సరిపోయే చిన్న వోల్ట్‌మీటరు ఒకటి కొనండి. ఆగి, ఒక నిమిషం గడిచాక చూసిన అంకే లెక్క. 42 అంటే నిండుగా ఉన్నట్టు. 38 అంటే మూడింట రెండొంతులు ఉన్నట్టు. 36.5 అంటే సగానికి కాస్త తక్కువ. 34.5 అంటే అడుగున ఏదో కొంచెం ఉందంతే. రాత్రి కొండ దారికి నేను చెప్పే గీటు 36. ఆగి చూసినప్పుడు అంతకన్నా తక్కువ ఉంటే ఇంక ఎక్కొద్దు, వెనక్కి తిరగండి.

ఇప్పుడు ఆ 40 కిలోమీటర్ల సంగతి. బ్యాటరీలో పట్టే శక్తిని వాట్-అవర్లలో కొలుస్తారు. 36 ఇంటూ 10, అంటే 360 వాట్-అవర్లు. అడుగుదాకా పిండకూడదు కాబట్టి వాడుకునేది 290 అనుకోండి. చదును రోడ్డు మీద మీరూ తొక్కుతూ మోటారు సాయం తీసుకుంటే కిలోమీటరుకి 8 నుంచి 10 వాట్-అవర్లు పోతాయి. తొక్కకుండా థ్రాటిల్ (చేత్తో నొక్కితే మోటారు నడిచే మీట) మీదే నడిపితే 12 నుంచి 15. అంటే తొక్కితే ముప్పై చిల్లర, తొక్కకపోతే ఇరవై దాటితే గొప్ప. అమ్మినాయన చెప్పిన నలభై, సన్నపాటి మనిషి, గాలి లేని రోజు, అతి తక్కువ అసిస్ట్ (మోటారు సాయం) మీద వచ్చేది.

కొండ దగ్గర ఈ లెక్క మారిపోతుంది. మీరు 80, సైకిలు 24, సంచీ నీళ్ళూ కలిపి 6, మొత్తం 110 కిలోలు. దీన్ని నిట్టనిలువుగా వంద మీటర్లు పైకి తీసుకెళ్ళడానికి 30 వాట్-అవర్లు కావాలి. దారి ఎంత మెలికలు తిరిగినా ఆ 30 మారదు. మోటారులో, గేర్లలో, వైర్లలో వేడికింద పోయేది కలుపుకుంటే బ్యాటరీ నుంచి 40 పోతాయి. అంటే వంద మీటర్లు ఎక్కడం నాలుగు కిలోమీటర్ల చదును దారితో సమానం. మీరు కూడా గట్టిగా తొక్కి సగం భారం మోస్తే రెండు కిలోమీటర్లతో సమానం. దారి వేసుకునేటప్పుడు ఫోన్ మ్యాప్‌లో దూరం ఒక్కటే చూడకండి. సైక్లింగ్ యాప్‌లలో 'మొత్తం ఎక్కే ఎత్తు' అని వేరే అంకె ఉంటుంది, అది చూడండి. దాన్ని వందతో భాగించి, నాలుగుతో గుణించి, దూరానికి కలపండి. వచ్చిన అంకె ఇరవై అయిదు దాటితే ఒక్క చార్జింగుతో రాత్రి వేళ ఆ దారి పెట్టుకోవద్దు.

ఎక్కేటప్పుడు మోటారు కాలిపోవడం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది థ్రాటిల్ నొక్కి కూర్చుంటారు. హబ్ మోటారుకి గేర్ మార్చుకునే వీల్లేదు. మీ వెనక ఉన్న ఏడు గేర్లు మీ కాళ్ళకే, మోటారుకి కావు. చక్రం నెమ్మదిగా తిరిగేకొద్దీ లాగిన కరెంటులో ఎక్కువ భాగం వేడిగా మారుతుంది. 6 శాతం ఎత్తు, అంటే వంద మీటర్ల దారికి ఆరు మీటర్లు లేచే రోడ్డు, గంటకి 10 కిలోమీటర్ల వేగంతో ఎక్కాలంటే చక్రం దగ్గర సుమారు 210 వాట్లు కావాలి. అదే దారి 20తో ఎక్కాలంటే 480. కాబట్టి 250 వాట్ల మోటారుని 20తో ఎక్కమనడం అన్యాయం. అలాగని ఐదారు కిలోమీటర్లకి పడిపోనిస్తే వేడి మింగేస్తుంది. 10 నుంచి 13 మధ్య ఉంచండి, కింది గేర్ వేయండి, కాళ్ళు నిమిషానికి అరవై చుట్లైనా తిరగాలి. ఎత్తు మొదలయ్యాక గేర్ మార్చబోతే చైను గింజుకుంటుంది, ముందే దించుకోండి. మోటారు తీగల మీది ఎనామిల్ పూత మాడిన వాసన వస్తే వెంటనే దిగండి. దిగి హబ్ మీద అరచెయ్యి పెట్టి చూడండి. మూడు అంకెలు లెక్కపెట్టేలోపు చెయ్యి తీసేయాల్సొస్తే లోపలి తీగలు అంతకన్నా ఎంతో వేడిగా ఉన్నాయన్నమాట. పావుగంట ఆగాల్సిందే. లోపలున్న నైలాన్ పళ్ళ చక్రాలు మెత్తబడితే ఒక్క కుదుపుకి పళ్ళు ఊడతాయి. ఆ తర్వాత మోటారు గిర్రున తిరుగుతుంది గానీ చక్రం కదలదు.

ఎక్కుడు శాతం చూడ్డానికి మీటరు పొడుగు కర్ర చాలు. రోడ్డు వాలు వెంట ఒక కొన నేలకి ఆనించి, ఫోన్‌లో లెవెల్ పెట్టి కర్రని సమంగా పట్టుకోండి. రెండో కొన కింద ఎన్ని సెంటీమీటర్ల సందు ఉందో అంత శాతం.

ఇక లైటు. మీ హెడ్‌లైటు మెయిన్ బ్యాటరీ మీద నడుస్తోంది, అందుకే రెండూ ఒకేసారి పోయాయి. మలుపులో, లోయ పక్కన ఇలా జరిగితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. రాత్రి తిరగాలంటే మెయిన్ బ్యాటరీతో సంబంధం లేని లైటు ఉండి తీరాలి. ఇది రాజీపడే విషయం కాదు. సైకిల్‌తో వచ్చే లైటు పక్కవాళ్ళకి మీరు కనిపించడానికే, మీకు గొయ్యి కనిపించడానికి కాదు.

ఎంత లైటు కావాలన్నది వేగాన్ని బట్టి. గంటకి 25 అంటే సెకనుకి 7 మీటర్లు. గొయ్యి కనబడి, అది గొయ్యేనని బుర్రకెక్కి, వేలు బ్రేకు మీద పడేసరికి ఒకటిన్నర సెకను, అంటే పదిన్నర మీటర్లు అయిపోయాయి. ఆగడానికి ఇంకో ఆరు. మొత్తం 17. దిగుడులో 35తో వస్తుంటే ఇదే 30 మీటర్లవుతుంది. కాబట్టి 30 మీటర్ల దగ్గర గొయ్యి కనపడేంత లైటు లేకపోతే 35తో దిగే హక్కు లేదు. నాలుగైదు వందల ల్యూమెన్ల (ల్యూమెన్ అంటే వెలుగు కొలత) సైకిల్ లైటు సరిపోతుంది, పైభాగం కోసినట్టు వెలుగు రోడ్డు మీదే పరిచే రకం అయితే మరీ మంచిది. సంతలో 'పదివేల ల్యూమెన్లు' అని అమ్మే టార్చీల్లో ఒక్క సెల్ ఉంటుంది, ఆ సెల్‌తో అంత వెలుగు కాసేపు కూడా రాదు. 5000 మిల్లీఆంపియర్-అవర్ల మంచి సెల్ ఉన్న లైటు 500 ల్యూమెన్ల మీద మూడు గంటల దాకా ఇస్తుంది. ప్యాకెట్ మీది మాట పక్కన పెట్టి, ఇంట్లో ఓ రాత్రి వెలిగించి గడియారం పెట్టి చూసుకోండి.

కట్టుకునే పద్ధతి ఇది. హ్యాండిల్ మీద లైటు నేల నుంచి దాదాపు మీటరు ఎత్తులో ఉంటుంది. సైకిల్‌ని గోడకి సరిగ్గా 5 మీటర్ల దూరంలో నిలబెట్టి, మీరే సీటు మీద కూర్చుని, గోడ మీద వెలుగు నడిబొడ్డు ఎక్కడ పడుతోందో ఇంకొకరిని సుద్దముక్కతో గీయమనండి. అది నేల నుంచి 80 సెంటీమీటర్ల దగ్గర పడాలి. 5 మీటర్లకి 20 సెంటీమీటర్లు దిగితే, 25 మీటర్లకి మీటరు దిగి రోడ్డుని తాకుతుంది. అంతకన్నా పైకుంటే ఎదురొచ్చేవాడి కళ్ళలో కొడుతుంది, కిందికుంటే మీ ముందు చక్రమే తప్ప ఏమీ కనపడదు. బిగించాక చిన్న రబ్బరు ముక్క కింద పెట్టకపోతే మొదటి స్పీడ్ బ్రేకరుకే లైటు తల వంచేస్తుంది.

హెల్మెట్ మీద నూటయాభై ల్యూమెన్ల చిన్నది ఇంకొకటి పెట్టుకోండి. హ్యాండిల్ లైటు చక్రం ఎటుంటే అటే చూస్తుంది, మలుపులో మీ చూపు లోపలికి ఉంటే వెలుగు లోయలోకి పోతుంది. మలుపుల్లో, పంక్చరు వేసేటప్పుడు, కుక్క ఎక్కడుందో చూడ్డానికి తలమీది లైటే అక్కరకొస్తుంది. ఎదురుగా మనిషి వస్తే మాత్రం తల దించండి. డిసెంబరు, జనవరిల్లో తెల్లవారుజామున పొలాల మీద మంచు దిగినప్పుడు దాన్ని ఆర్పేయండి. కంటి దగ్గరి నుంచి పోయే వెలుగు మంచు మీద పడి తెల్లటి గోడలా తిరిగొస్తుంది. ఆ సమయంలో లైటు ఎంత కిందికుంటే అంత మేలు, కొందరు ముందు ఫోర్కు మీదికి మారుస్తారు.

వెనక ఎర్ర లైటు ఆగకుండా వెలిగేది ఒకటి ఉండాలి. మినుకుమినుకుమనేది మాత్రమే పెడితే వెనక లారీవాడికి మీరున్నారని తెలుస్తుంది గానీ ఎంత దూరంలో ఉన్నారో అంచనా అందదు. రేడియం స్టిక్కర్లు పెడల్ చేతులకీ, మడమల దగ్గర పట్టీలకీ అంటించండి. పైకీ కిందికీ ఊగే రెండు మెరుపులు కనపడితే అది సైకిలని ఎవడికైనా ఒక్క క్షణంలో అర్థమవుతుంది. వీపు మీద అంటించినదానికన్నా ఇదే బాగా పనిచేస్తుంది.

ప్రమాదాలు ఎక్కేటప్పుడు రావు, దిగేటప్పుడే వస్తాయి. మీ గేర్డ్ హబ్‌లో ఒకవైపే పట్టే క్లచ్ ఉంటుంది, దిగుడులో మోటారు వదిలేస్తుంది. దిగేటప్పుడు బ్యాటరీ చార్జ్ అవుతుందని ఎవరైనా చెప్పి ఉంటే ఆ మాట మీ బండికి వర్తించదు. ఎక్కేటప్పుడు కూడబెట్టిన ఆ 30 వాట్-అవర్లు వంద మీటర్లు దిగేలోపు రెండు పల్చటి డిస్కుల మీద వేడిగా దిగాల్సిందే. బ్రేకు సన్నగా నొక్కిపట్టి దిగేవాళ్ళకి ప్యాడ్ చల్లారే సందు దొరకదు, అద్దంలా నున్నబడి పట్టు పోతుంది. గట్టిగా రెండు సెకన్లు నొక్కండి, వేగం పదిహేనుకి దించండి, పూర్తిగా వదలండి. పాతిక దాటబోతుంటే మళ్ళీ. ముందూ వెనకా రెండూ వాడాలి. మలుపులోకి వెళ్ళకముందే బ్రేకు పని అయిపోవాలి, మలుపు మధ్యలో ఇసక ఉంటే ముందు బ్రేకు పడేస్తుంది. కిందికొచ్చాక డిస్కు మీద వేలు పెట్టి చూడొద్దు, చర్మం అంటుకుపోతుంది.

కేబుల్ డిస్కులో చాలావరకు బయటి ప్యాడ్ ఒక్కటే కదులుతుంది, లోపలిది కదలదు. వాడినకొద్దీ లోపలిది అరిగి, డిస్కు వంగి వెళ్ళి దానికి ఆనాల్సొస్తుంది. అప్పుడు బ్రేకు లివరు హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది. అందరూ కేబుల్ లాగి బిగిస్తారు, అది సగం వైద్యమే. చక్రం వైపు నుంచి 5 మిల్లీమీటర్ల అలెన్ కీతో లోపలి ప్యాడ్‌ని డిస్కుకి రాసుకునేదాకా తిప్పి, పావు చుట్టు వెనక్కి తీయండి. ఆ తర్వాత కేబుల్ మరతో మిగతాది సరిచేయండి. ఇనపరేకు కాకుండా ప్యాడ్ మందం మిల్లీమీటరు కన్నా తగ్గితే మార్చేయండి, కొండ దారికి అది చాలదు.

ఇంకో పరీక్ష. వెనక చక్రం పైకెత్తి థ్రాటిల్ నొక్కి, బ్రేకు లివరు కొద్దిగా లాగండి. ప్యాడ్ పట్టకముందే మోటారు ఆగాలి. ఆగకపోతే లివరులోని కట్-ఆఫ్ స్విచ్ పోయింది. అలా ఉన్న బండిలో మీరు తొక్కడం ఆపాక కూడా మోటారు ఒక సెకను తోస్తూనే ఉంటుంది, బ్రేకుతో కొట్లాడుతుంది. ఆ స్విచ్ మార్చేదాకా రాత్రి బయటికి తీయొద్దు.

మన రోడ్ల మీద రాత్రి ఎదురయ్యేవి సైకిల్ పుస్తకాల్లో ఉండవు. సంక్రాంతికి అటూఇటూ పల్లెల్లో తారు రోడ్డే కళ్ళం. చోళ్ళు, ఉలవలు బండ్ల చక్రాల కింద నలగడానికి పరుస్తారు, ధాన్యం ఆరబోసి చుట్టూ రాళ్ళు పేరుస్తారు. రాత్రి ధాన్యం ఎత్తేసినా రాళ్ళు ఉండిపోతాయి. ఎండిన ఉలవ కంప మీద బ్రేకు వేస్తే చక్రం జారుతుంది. ఆ ఉలవ తీగ హబ్ ఇరుసుకీ, డిస్కుకీ చుట్టుకుని మోటారు వైరుని తెంపిన సందర్భాలూ ఉంటాయి. కనపడగానే మోటారు సాయం ఆపి, నిటారుగా, బ్రేకు ముట్టుకోకుండా దాటండి. దాటాక ఆగి వెనక ఇరుసు దగ్గర చూడండి.

వానాకాలంలో పశువులు రోడ్డు మీదే పడుకుంటాయి, చుట్టూ తడి, తారు వెచ్చన. ఆవు కనపడుతుంది, గేదె కనపడదు. కళ్ళు మీవైపు తిరిగితేనే మెరుపు. అందుకే వెలుగులో రోడ్డు గీత ఎక్కడైనా తెగినట్టు కనిపిస్తే, అక్కడ ఏదో ఉందనుకుని వేగం తగ్గించండి. లైట్లు లేని ట్రాక్టరు తొట్టి కూడా ఇలాగే పట్టుబడుతుంది. ఎదురు బండి హై బీమ్ కొడితే దాన్ని చూడకండి, ఎడమ అంచు తెల్లగీత పట్టుకుని నెమ్మదించండి. గీతే లేని రోడ్డయితే ఆగిపోవడమే. కుక్కల సంగతి: ఈ-సైకిలు చప్పుడు చేయదు, నిద్రలో ఉన్నవి ఉలిక్కిపడి లేస్తాయి. బజారు మొదట్లోనే బెల్లు కొట్టండి. వెంటపడితే వేగం పెంచకండి, 25 దగ్గర మోటారు ఎలాగూ వదిలేస్తుంది, అవి వదలవు. దిగి, సైకిల్ అడ్డం పెట్టుకుని, గట్టిగా అదిలిస్తూ నడవండి.

ఎక్కడ తిరగాలో అడిగారు కాబట్టి. మొదట ఊళ్ళోనే పది రాత్రులు తిరగండి. తొమ్మిదిన్నర దాటి కొట్లు కట్టేశాక కోట చుట్టూ, గంటస్తంభం, మూడు లాంతర్లు, పైడితల్లి అమ్మవారి గుడి, అయ్యకోనేరు గట్టు, పెద్దచెరువు వైపు అంతా కలిపి పది కిలోమీటర్ల లోపే అవుతుంది. 1713లో మొదలైన కోట గోడ పగలు కొట్ల వెనక, బోర్డుల వెనక దాక్కుంటుంది, రాత్రి ఒక్కటే నిలబడి ఉంటుంది, చూడాల్సిందే. వీధిదీపం ఆరిన చోట మీ లైటే గతి. పరీక్షలకి ఎత్తుబ్రిడ్జి మంచి చోటు. బ్రిడ్జి మొదట్లో ఆగి వోల్టేజీ చూడండి, అసిస్ట్ పూర్తిగా పెట్టి ఎక్కుతూ నడుమ చూడండి. తేడా రెండు రెండున్నర వోల్టులుంటే బ్యాటరీ బాగున్నట్టు. నాలుగు దాటితే ఆ ప్యాక్ కొండకి పనికిరాదు, ఊళ్ళో వాడుకోండి. దిగేటప్పుడు బ్రేకుల సంగతీ తేలిపోతుంది. రైలు కట్ట దాటేచోట్ల పట్టాలని అడ్డంగా, నిటారుగా దాటండి, తడిసిన పట్టా సబ్బులా ఉంటుంది.

తర్వాత రామతీర్థం. నెల్లిమర్ల మీదుగా పన్నెండు కిలోమీటర్లు, రానూపోనూ 24. చిన్న చిన్న ఎత్తుపల్లాలే గాని పెద్ద ఎక్కుడు లేదు, పైన చెప్పిన 290లో 240 సరిపోతుంది. చంపావతి మీద వంతెన దగ్గర గాలి అడ్డంగా కొడుతుంది, కొంచెం లోపలికి ఉండండి. కొండ కిందికి చేరేసరికి 38 కన్నా తక్కువ చూపిస్తే, తిరుగు దారంతా తక్కువ అసిస్ట్ మీద తొక్కండి. తాటిపూడి జలాశయం బాగుంటుంది గానీ రానూపోనూ సుమారు యాభై కిలోమీటర్లు, ఒక్క బ్యాటరీకి అందదు. చార్జరు పట్టుకెళ్ళినా, 2 ఆంపియర్ల చార్జరుతో సగం నిండడానికే రెండున్నర గంటలు కూర్చోవాలి.

పుణ్యగిరి మీ బండి ఎక్కగలదు, ఎస్.కోటలో నిండు బ్యాటరీతో మొదలుపెట్టి, మీరు తొక్కితే. కానీ పగలు ఎక్కి పొద్దుండగా దిగండి. అడవి, గెడ్డ నీళ్ళు, రాలిన ఆకు, నాచు, రాత్రి వేళ అక్కడ పంక్చరయితే నడిచి దిగడమే. అనంతగిరి ఘాట్ సంగతి లెక్కతోనే తేల్చేద్దాం. విజయనగరం సముద్రమట్టానికి 74 మీటర్లు, ఘాట్ మీది శిమిలిగూడ స్టేషను 996 మీటర్లు. తొమ్మిది వందల మీటర్ల పైన ఎక్కడానికే 360 వాట్-అవర్లు అయిపోతాయి, మీ ప్యాక్ అంతా అంతే, దూరం లెక్క ఇంకా మొదలవ్వలేదు. పైగా రాత్రి లారీలు. వద్దు. పార్వతీపురం, కొమరాడ వైపు కొండ దారులు కూడా రాత్రి వద్దు, అటు కొన్నేళ్ళుగా ఏనుగుల గుంపు తిరుగుతోంది. చప్పుడు లేని బండి మీద ఏనుగు దగ్గరికి వెళ్ళేదాకా దానికీ తెలీదు, మీకూ తెలీదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం తోటల్లో ఎలుగుబంట్లతోనూ అదే చిక్కు.

పంక్చరు వెనక చక్రానికైతే చక్రం ఊడదీయకండి. మోటారు వైరు, రెండు వైపులా 18 మిల్లీమీటర్ల నట్లు, తిరగకుండా ఆపే వాషర్లు, చీకట్లో ఇవన్నీ తిరిగి సరిగ్గా కూర్చోవు. ఆ వాషరు తిరగేసి పెడితే ఇరుసు ఫ్రేములో తిరిగి వైరు తెగుతుంది. సైకిల్ పక్కకి పడుకోబెట్టి, ఒక వైపు టైరు మాత్రం లివర్లతో విప్పి, ట్యూబు ముళ్ళున్న చోట బయటికి లాగి, అక్కడికక్కడే రాకి, సొల్యూషన్ రాసి, ఐదు నిమిషాలు ఆరనిచ్చి ప్యాచ్ వేయండి. ఆరకముందే వేసిన ప్యాచ్ ఊరు చేరదు. టైరు లోపల వేలితో తడిమి తుమ్మ ముల్లు తీశారో లేదో చూడండి, చాలాసార్లు రెండో పంక్చరు ఆ ముల్లే చేస్తుంది. గాలి 40-45 పీఎస్ఐ ఉంచండి, టైరు గోడ మీద రాసిన హద్దు దాటకుండా. సంచీలో టైరు లివర్లు, ప్యాచ్ సామాను, చిన్న పంపు, 18 స్పానరు, 4, 5, 6 అలెన్ కీలు, ప్లాస్టిక్ టై‌లు, ఇన్సులేషన్ టేపు, బ్యాటరీలో ఫ్యూజు ఉంటే అదే రేటింగుది ఇంకొకటి. అంతకన్నా పెద్ద ఫ్యూజు ఎప్పుడూ వేయొద్దు.

వానలో తిరగొచ్చు, నీళ్ళలో దిగకూడదు. కల్వర్టు మీద నీరు చక్రం ఇరుసు దాకా వస్తే మోటారు వైరు పోయే కన్నంలోంచి లోపలికి చేరుతుంది. ఆ వైరు ఇరుసు కన్నా కిందికి ఒక వంపు తిరిగేలా కట్టుకుంటే జారిన నీరు అక్కడే రాలిపోతుంది. తడిసొచ్చాక సాకెట్ తుడిచి, గంట ఆరనిచ్చి చార్జింగ్ పెట్టండి. కొండ దిగొచ్చిన వేడి బ్యాటరీని కూడా వెంటనే పెట్టకూడదు. గచ్చు నేల మీద, పరుపులకీ బయటికెళ్ళే గుమ్మానికీ దూరంగా, మీరు మెలకువగా ఉన్నప్పుడే. నిండడానికి ఐదారు గంటలు, కాబట్టి రాత్రి తిరుగుడుకి మధ్యాహ్నమే పెట్టేయండి.

బలమైన మోటారు వేయిస్తే పోలా అని మీరు చివర్లో అడిగారు. 250 వాట్ల లోపు, గంటకి 25 కిలోమీటర్ల లోపు, బ్యాటరీ కాకుండా 60 కిలోల లోపు ఉన్నంతవరకే దీనికి రిజిస్ట్రేషను, లైసెన్సు అక్కర్లేదు. 500 వాట్లు వేసిన రోజు అది మోటారు వాహనం అవుతుంది, బ్రేకులూ ఫోర్కూ మాత్రం సైకిలువే ఉంటాయి. ఆ డబ్బుతో ఇంకో బ్యాటరీ కొనుక్కోండి, తాటిపూడి కూడా అందుతుంది.

దసరా తర్వాత వచ్చే మంగళవారం సిరిమానోత్సవం, ముందు రాత్రి సోమవారం తొలేళ్ళు. ఆ రెండు రోజులూ గుడి నుంచి కోట దాకా కాలు పెట్టే చోటుండదు. సైకిల్ ఇంట్లోనే ఉంచి నడిచి రండి.